రోలు మద్దెలతో ఏం చెప్పింది?

మా అమ్మమ్మ ఇంట్లో ఆడవాళ్ళు నలుగురు చేరి కష్టాలు చెప్పుకోవడం మొదలుపెడితే ఆవిడ ఒక్క మాటతో ఆ సభ ముగించేది: ‘రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకున్నట్టుంది మీ వరస’. సామెత అందరికీ తెలిసిందే. ఒకవైపు దెబ్బలు తినలేక చస్తున్నానని రోలు ఏడిస్తే, నాకు రెండువైపులా వాయింపే కదా అందట మద్దెల. అందరూ నవ్వేవారు. నవ్వి, చెంగులు దులుపుకుని, ఎవరి పనిలోకి వాళ్ళు వెళ్ళిపోయేవారు. ఆ నవ్వు వెనకాల ఏముందో అప్పుడు నాకు తెలియదు. ఆడవాళ్ళకి కష్టం చెప్పుకోవడానికి దొరికేది తమకంటే ఎక్కువ దెబ్బలు తిన్న మరో ఆడదేనన్న సంగతిని ఆ సామెత ఎంత మామూలుగా చెప్పేస్తుందో తర్వాత ఎప్పుడో అర్థమైంది.

అయితే సామెతలో ఇంకో సంగతి ఉంది. రోలూ మద్దెలా రెండూ దెబ్బలు తినేవే. మరి కొట్టేవాళ్ళెవరు? రోటి దగ్గర నిలబడింది ఆడది. మద్దెల ముందు కూర్చున్నది మగవాడు. మొదటి దెబ్బకి పని అని పేరు, రెండో దెబ్బకి విద్య అని పేరు. రెండో దానికి శాలువాలు, బిరుదులు ఉంటాయి. మొదటి దానికేముంటుందో మరో సామెత చెబుతుంది: దంచినమ్మకు బొక్కిందే కూలి. ఈ రెండు సామెతలనీ పక్కపక్కన పెట్టుకుని, ఇంటి సామాను మీద ఆడవాళ్ళు వేసిన దరువుకి చరిత్ర ఉందా, ఉంటే అది ఎక్కడ దాక్కుంది అని వెతకడం ఈ వ్యాసం ఉద్దేశం. వెతకవలసిన అవసరం నాకెందుకొచ్చిందో ముందు చెప్పాలి. ఎందుకంటే ఆ చరిత్రలో కొంత భాగాన్ని చెరిపేసినవాళ్ళలో నేనూ ఒకదాన్ని.

స్త్రీల పాటల మీద పరిశోధన చేస్తున్న రోజుల్లో తూర్పుగోదావరి మెట్ట గ్రామాల్లో ఒకచోట దంపుడు పాటల కోసం ఒక మామ్మ దగ్గరికి వెళ్ళాను. ఎనభై దాటిన మనిషి. ఊళ్ళో పెద్ద కమతాల ఇళ్ళల్లో కూలికి వడ్లు దంచి బతికింది. రికార్డరు ముందు పెట్టి పాడమంటే రెండు చరణాలు పాడి ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ అక్కడే ఆగింది. మర్చిపోయిందనుకున్నాను. ‘మర్సిపోడమేటి పాపా, సేతిలో రోకలి లేకుండా పాటెక్కణ్ణించొత్తాది?’ అని విసుక్కుంది. ఇంట్లో రోకలి లేదు. మిల్లొచ్చిన రోజుల్లోనే పోయింది. ఆవిడ లేచి, గుమ్మం పక్కనున్న మనవడి క్రికెట్ బ్యాటు తీసుకుంది. ఇత్తడి గుండిగ బోర్లించి, దాని మీద మడతపెట్టిన గోనెపట్టా వేసింది. నిలబడి, బ్యాటుని రోకలిలా రెండు చేతులా పట్టుకుని దంచడం మొదలుపెట్టింది. నాలుగు పోట్లు పడేసరికి పాట వచ్చింది. ఒకటి కాదు, పదకొండు పాటలు వచ్చాయి. మధ్యలో ఆగి, ‘నేనూ మా తోటికోడలూ ఒకే రోట్లో దంచేవోళ్ళం. ఒక్కదాన్నీ దంచుతుంటే సగమే పాడినట్టుంది’ అంది.

ఆ రికార్డింగుతో నేనేం చేశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. మాటలు సరిగ్గా వినబడటం లేదని, గుండిగ మీద పడే చప్పుడుని కంప్యూటరులో తీయించేశాను. దాన్ని సాంకేతిక భాషలో నాయిస్ అంటారు. శుభ్రం చేసిన ఫైలు విని పదకొండు పాటలూ రాసుకున్నాను. సిద్ధాంత గ్రంథం అనుబంధంలో అవి చక్కగా అచ్చయ్యాయి. ఏ పాట ఏ గతిలో నడుస్తుందో మాటల్లోని మాత్రలు లెక్కపెట్టి నిర్ణయించాను. లయ కోసం లెక్కలు కట్టినదాన్ని, అసలు లయని చెత్తబుట్టలో వేసి ఆ పని చేశానన్న సంగతి నాకు తోచలేదు. ఎవరూ అడగలేదు కూడా. సాహిత్యమంటే మాటలేనని నేర్చుకున్నవాళ్ళం కదా అందరమూ.

ఇది తోచింది చాలా ఏళ్ళ తర్వాత, సహారా ఎడారి ప్రాంతపు తువారెగ్ స్త్రీల సంగీతం గురించి చదువుతున్నప్పుడు. మాలీ, నైజర్, అల్జీరియా దేశాల్లో పశువుల్ని, ఒంటెల్ని మేపుకుంటూ బతికిన జాతి అది. వాళ్ళ స్త్రీలు వాయించే డోలు పేరు తెండె. ఆ మాటకి అసలు అర్థం రోలు. జొన్నలు, సజ్జల జాతి చిరుధాన్యాలు దంచుకునే కొయ్య రోలే ఆ డోలు. పండుగో పెళ్ళో వచ్చినప్పుడు దంపుడు ఆపి, తడిపిన మేకతోలుని రోటి మూతి మీద పరుస్తారు. చుట్టూ తాడు బిగిస్తారు. తోలు బిర్రుగా నిలవడానికి రెండు రోకళ్ళని రోటికి చెరోపక్కన అడ్డంగా కట్టి, వాటి కొసల మీద ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుంటారు, లేకపోతే రాళ్ళు పెడతారు. కూర్చున్నవాళ్ళ బరువుకి రోకళ్ళు కిందికి దిగి తోలుని లాగుతాయి. బరువు అటూ ఇటూ మారిస్తే శ్రుతి మారుతుంది. మధ్యలో నీళ్ళు చిలకరించి తోలు ఆరకుండా చూసుకుంటారు. ఒకామె వాయిస్తూ పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళు చప్పట్లతో అందుకుంటారు. మగవాళ్ళు ఒంటెలెక్కి వాళ్ళ చుట్టూ ప్రదక్షిణంగా తిరుగుతారు. పండుగ అయ్యాక తోలు విప్పేస్తారు. రోలు మళ్ళీ రోలవుతుంది. తెండె అంటే రోలు, డోలు, ఆ పాట, ఆ కూడిక అన్నీను. ఒకే మాట.

అంటే మన సామెతలో మొరపెట్టుకోవడానికి బయల్దేరిన రోలు, అక్కడ తానే మద్దెల అయి కూర్చుంది. రెండింటినీ కొట్టేది ఒకే చెయ్యి. ఆ చెయ్యి పొద్దున్న దంచుతుంది, సాయంత్రం వాయిస్తుంది. పనికీ కళకీ నడుమ మనం కట్టుకున్న గోడ అక్కడ ఒక మేకతోలంత పల్చన.

ఆ సమాజమేదో సమానత్వానికి ఆదర్శమని చెప్పడం లేదు. అక్కడా ఇమ్జాద్ అనే ఒంటితీగ వాద్యం పైవర్గాల స్త్రీలది. రోటి డోలు ఎక్కువగా కమ్మరి కుటుంబాలకి, ఒకప్పుడు బానిసలుగా ఉన్న కుటుంబాలకి చెందిన స్త్రీలది. ఎవరు దంచారో వాళ్ళే వాయించారు. ఇల్లిఘదాద్ అనే నైజర్ పల్లెటూరి ఆడపిల్లలు కొందరు ఈ మధ్య ఈ రోటి పాటకి గిటారు జోడించి, ‘లె ఫీయ్ ద ఇల్లిఘదాద్’ పేరుతో యూరప్ వేదికల దాకా వచ్చారు. వాళ్ళ బృంద నాయకురాలు ఫాతూ సైదీ ఘాలీ గిటారు వాయిస్తుంది. ఆ ప్రాంతంలో గిటారు మగవాళ్ళదే అయిన రోజుల్లో అన్న దగ్గరున్న గిటారు మీద తనంతట తాను నేర్చుకుంది. నీళ్ళలో బోర్లించిన సొరకాయ డొప్ప కూడా వాళ్ళ వాద్యమే.

నీళ్ళంటే గుర్తొచ్చింది. కామసూత్రంలోని 64 కళల పట్టికలో ఉదకవాద్యం ఒకటి. స్త్రీలు నేర్చుకోదగ్గ విద్యలుగా చెప్పిన పట్టిక అది. నీటిని మద్దెలలా వాయించడమని వ్యాఖ్యాత యశోధరుడు వివరించాడు. కాళిదాసు రఘువంశం 16వ సర్గలో, పాడుబడిన అయోధ్య నగర దేవత కుశుడి దగ్గరికి వచ్చి తన గతి చెప్పుకుంటుంది. ఒకప్పుడు నగర స్త్రీల చేతివేళ్ళు తాకి మృదంగంలా గంభీరంగా పలికిన దిగుడుబావుల నీళ్ళు ఇప్పుడు అడవిదున్నల కొమ్ముల పోట్లకి ఏడుస్తున్నాయంటుంది. ఒక నగరం చచ్చిపోయిందని చెప్పడానికి కవి ఎంచుకున్న గుర్తుల్లో ఆడవాళ్ళ దరువు ఆగిపోవడం ఒకటి. కావ్యశాస్త్ర పాఠాల్లో దీన్ని జలక్రీడ అని దాటేస్తాం. శృంగార వర్ణన కింద జమ కడతాం. వనువాతు దీవుల్లో గావా ద్వీపపు స్త్రీలు నడుములోతు నీళ్ళలో నిలబడి, అరచేతుల్ని గిన్నెల్లా వంచి, నీటిని చరిచి, చిమ్మి, మునగదోసి తాళం పలికించడం ఈ రోజుకీ చూడవచ్చు. అది క్రీడ కాదు, కచేరీ. స్నానానికి, బట్టలుతకడానికి వెళ్ళిన చేతులు నేర్చుకున్న విద్య.

ఇంటి సామానుకీ వాద్యానికీ బంధుత్వం మాటల్లోనే దాగి ఉంది. అరబ్బీలో ఘిర్బాల్ అంటే జల్లెడ. అదే మాట పాత రోజుల్లో కంజిరలాంటి చట్రపు డోలుకి కూడా వాడేవారు. గుండ్రటి చట్రం ఒకటే. దానికి చిల్లుల తోలు బిగిస్తే పిండి దిగుతుంది, చిల్లుల్లేని తోలు బిగిస్తే మోత వస్తుంది. పశ్చిమాసియాలో చట్రపు డోలు శతాబ్దాల పాటు ప్రధానంగా స్త్రీల వాద్యంగా ఉండటం మీద వెరోనికా డబుల్‌డే 1999లో రాసిన వ్యాసం ఈ విషయంలో చాలామందికి దారి చూపింది. కాశ్మీరులో పెళ్ళిళ్ళకి స్త్రీలు వాయించే తుంబక్‌నారి మట్టితో చేసిన డోలు. దాని పక్కనే మోగే నూట్ అచ్చంగా నీళ్ళ కుండ.

కానీ ఇంటి సామాను మోగినంత మాత్రాన అది ఆడవాళ్ళ గొంతు అయిపోదు. ఉత్తరాదిన చాలా చోట్ల మగపిల్లవాడు పుడితే కంచు పళ్ళెం మోగిస్తారు. ఊరంతా వినాలి కదా. రాజస్థాన్‌లో ఆడపిల్ల పుడితే చాట మీద కొడతారు. వెదురు చాట ఎంత కొట్టినా ఎంతదూరం వినిపిస్తుంది? పుట్టిన మొదటి గంటలోనే ఎవరి రాక ఎంతదూరం వినిపించాలో వంటింటి సామాను తేల్చేస్తుంది. ఈ మధ్య కాలంలో ఆడపిల్ల పుట్టినా పళ్ళెమే మోగించాలని అక్కడ ప్రచారం జరుగుతోంది. చిన్న మార్పులాగే కనిపిస్తుంది. చాటకీ పళ్ళేనికీ ఉన్న తేడా తెలిసినవాళ్ళకి అది చిన్నది కాదు.

ఇక మన రోటి దగ్గరికి వద్దాం. తెలుగులో దంపుడు పాటలకి సువ్వి పాటలని పేరు. సువ్వి అనేది దేవుడి పేరూ కాదు, అర్థమున్న మాటా కాదు. రోకలి దిగుతున్నప్పుడు దంచే మనిషి ఛాతీలోంచి వచ్చే ఊపిరి. శ్రమ శబ్దమే పల్లవి అయింది. 15వ శతాబ్దంలో అన్నమయ్య కూడా సువ్వి పాటలు కట్టాడు. అప్పటినుంచీ ఆ ఊపిరి సాహిత్యమైంది. అయితే అది ఎవరి ఊపిరో ఆ మనుషులు మాత్రం సాహిత్యంలోకి రాలేదు. బిరుదురాజు రామరాజుగారి ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ 1958లో వచ్చాక ఈ పాటలకి విశ్వవిద్యాలయాల్లో గౌరవం దొరికింది. ఆ తరం చేసిన సేకరణే లేకపోతే నాలాంటివాళ్ళకి పరిశోధన చేయడానికి ఏమీ మిగిలేది కాదు. కానీ మన సంకలనాలు పుస్తకాలు కాబట్టి వాటిలోకి మాట మాత్రమే వచ్చింది. పాటని పట్టి నిలిపిన రోకలి బయటే ఉండిపోయింది.

దంపుడు అంటే ఏదో ఒక్క చప్పుడు కాదు. రోకలి అడుగున ఇనుప పొన్ను ఉంటుంది. అది గింజ మీద పడితే ఒక ధ్వని, గింజ నలిగి ఊక విడివడ్డాక మరో ధ్వని. వడ్లు ఎంతవరకూ దంపు పడ్డాయో చెవితోనే తెలుస్తుంది. ఇద్దరు ఒకే రోట్లో దంచితే రోకళ్ళు ఒకదానికొకటి తగలకుండా ఒక పోటుకీ మరో పోటుకీ నడుమ సరిగ్గా అంతే ఎడం ఉండాలి. ముగ్గురైతే ఆ ఎడం మూడు ముక్కలవుతుంది. తప్పితే వేళ్ళు చితుకుతాయి. కచేరీలో తాళం తప్పితే పక్కవాళ్ళు నవ్వుతారు, అంతే. ఇక్కడ శిక్ష అప్పటికప్పుడే. రోట్లో తల పెట్టి రోకటిపోటుకి వెరవకూడదని సామెత చెప్పినవాళ్ళు ఆ రోటి దగ్గర ఎంత లెక్క నడుస్తుందో గమనించినట్టు లేదు.

ఇందులోనూ కులముంది. తెలుగు స్త్రీల రామాయణ పాటల మీద 1991లో రాసిన వ్యాసంలో వెల్చేరు నారాయణరావుగారు బ్రాహ్మణ స్త్రీల పాటలకీ ఇతర కులాల స్త్రీల పాటలకీ ఉన్న తేడాని ఎత్తి చూపారు. సీత గురించి పాడటంలో కూడా ఎవరు ఎక్కడ నిలబడి పాడుతున్నారన్నది మారిపోతుంది. లోపలి వసారాలో కూర్చుని మధ్యాహ్నం పూట పాడే పాటకి చప్పట్లు కూడా అక్కర్లేదు. పెరట్లో నిలబడి దంచే మనిషికి రోకలి లేకుండా పాటే లేదు. మనం మాటలని మాత్రమే దాచుకున్నప్పుడు ఎక్కువ నష్టపోయింది ఆ పెరటి పాటే. మామ్మ చెప్పిన మాటకి అర్థం అది. మిల్లులు వచ్చి దంపుడు చాకిరీ పోవడం ఆడవాళ్ళకి మేలే, దాని కోసం ఎవరూ కన్నీళ్ళు పెట్టుకోనక్కర్లేదు. రెక్కలు పడిపోయేలా దంచినవాళ్ళెవరూ పెట్టుకోలేదు కూడా. అయితే పనితో పాటు కూలీ పోయింది, తోటివాళ్ళతో కలిసి నిలబడే వేళా పోయింది, లయా పోయింది. చాకిరీ పోవాలి, విద్య మిగలాలి అనే కోరిక చరిత్రలో ఆడవాళ్ళకి తీరిన సందర్భాలు తక్కువ.

విద్యగా మిగిలినచోట ఏం జరిగిందో చూడండి. కుండ ఘటం పేరుతో కర్ణాటక సంగీత వేదిక ఎక్కింది. కుండతో పాటు ఆడవాళ్ళు ఎక్కలేదు. 1957లో పుట్టిన సుకన్యా రాంగోపాల్ మద్రాసులో విక్కు వినాయకరాం తండ్రి హరిహర శర్మ దగ్గర మృదంగం నేర్చుకుని, ఘటం నేర్చుకుంటానంటే ఆడపిల్ల వేళ్ళకి అది కష్టమన్న సంశయం గురువు వినాయకరాం నుంచే ఎదురైంది. హరిహర శర్మ పట్టుబట్టి సాధన చేయించారు. ఆ తర్వాత ఆడమనిషి ఘటం వాయిస్తే మేం పక్కన కూర్చోమన్న మృదంగ విద్వాంసులు ఎదురయ్యారు. ఆవిడ 1995లో స్త్రీ తాళ తరంగ్ అనే పూర్తి మహిళా బృందాన్ని ఏర్పాటు చేశారు. వేరు వేరు శ్రుతుల్లో ఉన్న ఘటాల్ని చుట్టూ పెట్టుకుని రాగాలు పలికించే ఘట తరంగం ఆవిడ కల్పన. మన ఏలూరు నుంచి వచ్చిన దండమూడి సుమతీ రామమోహనరావుగారు మృదంగాన్ని జీవితంగా చేసుకుని 2021లో పద్మశ్రీ దాకా వచ్చారు. ఇద్దరి కథల్లోనూ విద్య చేతులకి ఎక్కడం ఒక ఎత్తు, ఆ చేతుల్ని వేదిక మీద చూడటానికి లోకం అలవాటు పడటం మరో ఎత్తు.

నాకు ఇంకా ఆసక్తిగా అనిపించేది వేదిక మీదికి రాని చేతుల సంగతి. తమిళనాడు మానామదురై ఘటాలు బరువుకీ నాదానికీ పేరు పొందాయి. అవి చేసే కుటుంబంలో మీనాక్షీ కేశవన్ అనే కుమ్మరి స్త్రీకి వాద్య నిర్మాణానికి గాను సంగీత నాటక అకాడమీ పురస్కారం వచ్చింది. సారె మీద లేచిన కుండ అప్పుడే ఘటం కాదు. లోపల గుండ్రాయి ఆనించి, బయట చెక్కతో వేల దెబ్బలు కొడితే మట్టి అంతటా ఒకే మందానికి వచ్చి నాదం పడుతుంది. ఆ దెబ్బలు చెవి పెట్టి కొట్టాలి. అంటే విద్వాంసుడి వేలు పడకముందే ఆ కుండ ఒక ఆడమనిషి చేతిలో కొన్ని వేలసార్లు మోగింది. మృదంగానికి తోలు తీసి, శుద్ధి చేసి, బిగించే దళిత కుటుంబాల చరిత్రని టి.ఎం. కృష్ణ 2020లో ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ పుస్తకంలో రాశారు. వాద్యం చేసేవాళ్ళు వాద్యకారులు కారనే నియమం కుమ్మరికీ, మాదిగకీ, దంచిన ఆడమనిషికీ ఒకేలా వర్తించింది.

మన దగ్గర ఈ నియమం కాస్త వదులైన ఒక సందర్భం బుర్రకథ. వంతలు వాయించే గుమ్మెట కూడా కుండే, ఒక మూతికి తోలు బిగించిన మట్టి కుండో ఇత్తడి కుండో. 1940లలో కమ్యూనిస్టు ఉద్యమంలో మోటూరు ఉదయం, చింతాల కోటేశ్వరమ్మ, వీరమాచనేని సరోజిని కలిసి మహిళా బుర్రకథ దళంగా ఊళ్ళు తిరిగారు. ఆడవాళ్ళు వేదికెక్కి, చిందేస్తూ, గుమ్మెట వాయిస్తూ కథ చెప్పడం ఆనాటికి ఎంత సాహసమో ఊహించుకోవాలి. మన చరిత్రలో ఆ దళం గురించి రాసేటప్పుడు ఏ కథలు చెప్పారో రాస్తాం, ఎన్ని వేలమంది విన్నారో రాస్తాం. ఆ చేతులు గుమ్మెట ఎలా పట్టుకున్నాయి, ఆ దరువు ఎక్కడ నేర్చుకున్నాయి అనే ప్రశ్న వెయ్యం. పదేళ్ళ వయసులో బిందె మీద దరువు వేస్తే, ‘ఆడపిల్లకి ఆ మోతేమిటి, లక్ష్మి పోతుంది’ అని నా చేతి మీద ఒకటి పడింది. అలాంటి ఇళ్ళల్లోంచే ఆ చేతులు కూడా వచ్చి ఉంటాయి కదా.

వీధిలోకి వచ్చిన వంటింటి మోత గురించి కూడా మాట్లాడుకోవాలి. 1972-73లో బొంబాయిలో ధరల పెరుగుదలకి వ్యతిరేకంగా మృణాల్ గోరే, అహల్యా రంగ్ణేకర్ వంటి నాయకురాళ్ళ వెంట వేలమంది గృహిణులు పళ్ళేలు, చపాతీ కర్రలు పట్టుకుని వీధులకెక్కారు. ఇంట్లో ఉన్నవాళ్ళు ఇంటి నుంచే పళ్ళేలు మోగించారు. నందితా గాంధీ 1996లో ఆ ఉద్యమం మీద రాసిన పుస్తకం పేరులోనే చపాతీ కర్రలు వీధికెక్కాయి. ఇది చదివి పొంగిపోయేముందు చిలీ కూడా గుర్తుంచుకోవాలి. 1971 డిసెంబరు 1న శాంతియాగోలో ఖాళీ గిన్నెలు మోగిస్తూ ఊరేగిన స్త్రీలు, ఎన్నికైన సోషలిస్టు అధ్యక్షుడు అయెందేకి వ్యతిరేకంగా నడిచారు. వాళ్ళల్లో ఎక్కువమంది ఖాళీ గిన్నె బాధ తెలియని వర్గాల వాళ్ళు. 1973లో సైనిక కుట్ర జరిగింది. పదేళ్ళు గడిచాక, 1983 మేలో పినోషే నియంతృత్వానికి వ్యతిరేకంగా చీకట్లో ఇళ్ళల్లోంచి మోగినవి కూడా అవే గిన్నెలు. గిన్నెకి సిద్ధాంతం లేదు.

మన దగ్గరా అంతే. 2020 మార్చి 22 సాయంత్రం 5 గంటలకి, ప్రధాని పిలుపు మేరకు దేశమంతా బాల్కనీల్లో పళ్ళేలు మోగించింది. అదే ఏడాది డిసెంబరు 27న ప్రధాని రేడియో ప్రసంగం సాగుతుండగా, ఆ మాటలు వినబడకుండా రైతులు పళ్ళేలు మోగించారు. 2023 సెప్టెంబరు 30న ఆంధ్రప్రదేశ్‌లో ఒక రాజకీయ పక్షం తన నాయకుడి అరెస్టుకి నిరసనగా ‘మోత మోగిద్దాం’ అని పిలుపునిచ్చింది. అదే ఏడాది డిసెంబరు 12న మొదలై 42 రోజులు నడిచిన అంగన్‌వాడీల సమ్మెలో ఖాళీ కంచాలు మోగించినవాళ్ళు మాత్రం తమ జీతం కోసమే మోగించారు. రోజూ పిల్లలకి ఆ కంచాల్లో వడ్డించే చేతులవి. వాళ్ళ మీద ఎస్మా ప్రయోగించారు. ఒక మోతకి చప్పట్లు, మరో మోతకి చట్టం. మోగించిన వస్తువు ఒకటే. ఎవరు ఎవరి కోసం మోగించారన్నదే తేడా. చాటకీ పళ్ళేనికీ ఉన్న తేడా లాంటిదే ఇదీ.

ట్రినిడాడ్ చరిత్రలోంచి ఒక్క సంగతి చెప్పి ముగింపుకొస్తాను. 1880లలో వలస పాలకులు అక్కడి ఆఫ్రికన్ సంతతి ప్రజల డోళ్ళని నిషేధించారు. జనం వెదురు బొంగులు పట్టుకున్నారు. 1930ల చివరికి బిస్కట్ డబ్బాలు, పెయింటు డబ్బాలు, చెత్తకుండీ మూతలు వాద్యాలయ్యాయి. చివరికి నూనె పీపాల నుంచి స్టీల్‌పాన్ పుట్టింది. 1951లో లండన్‌లో జరిగిన ఫెస్టివల్ ఆఫ్ బ్రిటన్‌లో ఆ వాద్య బృందం వాయించింది. ఆ బిస్కట్ డబ్బాలు ఎవరి వంటిళ్ళల్లోంచి పోయాయో ఎవరూ రాయలేదు. పరువుగల ఆడపిల్లలు పాన్ ముట్టుకోకూడదన్న నియమం మాత్రం రాయకపోయినా అందరికీ తెలుసు. 1950ల మొదట్లో హేజెల్ హెన్లీ నాయకత్వాన ‘గర్ల్ పాట్’ అనే ఆడపిల్లల బృందం ఆ నియమాన్ని దాటింది. డబ్బా ఇంట్లో ఉన్నంతకాలం అమ్మది. మోగడం మొదలుపెట్టగానే అబ్బాయిది.

మామ్మ ఇప్పుడు లేదు. చప్పుడు తీసేసిన ఫైలే నా దగ్గర మిగిలింది. అసలు రికార్డింగు పాత కంప్యూటరుతో పాటు పోయింది. తెండె గురించి చదివిన రాత్రి ఆ ఫైలు మళ్ళీ విన్నాను. ఈసారి మాటలు వినలేదు. యంత్రం గుండిగ మోతని తీసేసింది కానీ ఊపిరిని తీయలేకపోయింది. ప్రతి పోటుకీ మామ్మ గొంతులోంచి తెగిపడే ఆ చిన్న హుంకారం మాటల నడుమ అలాగే ఉంది. వంటింట్లోంచి కంచం, గరిటె తెచ్చుకుని, ఊపిరి తెగినచోటల్లా ఒక దెబ్బ వేసుకుంటూ పోయాను. పోట్లు దొరికాయి. నేను మాత్రలు లెక్కపెట్టి నిర్ణయించిన గతి అది కాదు. నా లెక్క తప్పు.

ఇంకొకటి కూడా దొరికింది. ఒక పోటుకీ మరో పోటుకీ మధ్య, ప్రతిసారీ, సరిగ్గా ఒక పోటు పట్టేంత ఖాళీ ఉంది. అక్కడ మాట లేదు, ఊపిరి లేదు. అచ్చులో నేను దాన్ని మూసేసి, పాదాల్ని దగ్గరికి జరిపాను. అది తోటికోడలి రోకలి దిగవలసిన చోటు. ఎప్పుడో పోయిన మనిషి కోసం, మిల్లొచ్చి అన్నేళ్ళయ్యాక కూడా, క్రికెట్ బ్యాటుతో దంచుతూ ఆ ముసలామె పదకొండు పాటల్లోనూ చోటు వదిలిపెట్టింది.

ఆ పాటల్ని మళ్ళీ రాస్తున్నాను. ఈసారి ఖాళీలతో సహా.